పొగ మీద ఎనిమిది ఫిర్యాదులు

ఆయన ముప్పై నాలుగేళ్లు బాయిలర్ల ఫ్యాక్టరీలో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైన మొదటి మూడు వారాలూ ఇంట్లో ఫోను మోగలేదు. నాలుగో వారంలో ఒక ఇనుప డ్రమ్ము తెచ్చి, నిలువునా రెండుగా కోసి, దానికి కాళ్లు అతికించి, పైన ఊచల చట్రం బిగించి, ఇంటి వెనక గచ్చు మీద నిలబెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం అందులో బొగ్గులు రాజేసి, మాంసం ముక్కలూ మొక్కజొన్న పొత్తులూ కాలుస్తానని పాత స్నేహితులకు కబురు పెట్టాడు. నలుగురు వచ్చారు. పై వారం ఐదుగురు వచ్చారు. అప్పట్నించి ఆదివారమంటే ఆయనకు మళ్లీ డ్యూటీ ఎక్కినట్టే. కాలనీవాళ్లు ఆయనకు పొయ్యి బాబాయి అని పేరు పెట్టేశారు. ఆ పేరంటే ఆయనకు ముచ్చటే.

అన్నేళ్ల వెల్డింగు పొగకి ఆయన ముక్కు ఎప్పుడో పనిచేయడం మానేసింది. "అత్తరుకీ కిరసనాయిలుకీ తేడా తెలీని ముక్కురా నాది, ముఖానికి అందం కోసం ఉంచుకున్నా" అని నవ్వించేవాడు. మాంసం కాలిందో లేదో రంగు చూసి చెప్పేవాడు, ఎప్పుడూ తప్పు పోలేదు.

ఆయన భార్య బట్టలు కుట్టేది. కర్టెన్లు, స్కూలు యూనిఫారాలు, చుట్టుపక్కల వాళ్లు తెచ్చే చిన్నాచితకా రిపేర్లు. ఆవిడ కుట్టుమిషను వెనక గదిలో, కిటికీ పక్కన ఉండేది. వెలుతురు అక్కడే బాగుంటుంది. ఆ కిటికీకి నాలుగడుగుల దూరంలో డ్రమ్ము పొయ్యి.

ఒకరోజు కాలనీ సంఘం నుంచి నోటీసు వచ్చింది. వెనక గచ్చు మీద కాల్చే పొయ్యి పొగవల్ల ఇబ్బందిగా ఉందని ఒకరు ఫిర్యాదు చేశారనీ, దయచేసి గమనించమనీ రాసి ఉంది. ఎవరు చేశారో లేదు. ఆయన చదివి, మడిచి, దాంతోనే ఆ ఆదివారం బొగ్గులు రాజేశాడు. తర్వాత రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. ఎవరు రాస్తున్నారో ఆయనకు రవ్వంత కూడా అనుమానం లేదు. పై వాటాలో కళ్లజోళ్ల షాపాయన ఉంటాడు. ఒంటరి మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఆదివారం పూట కిటికీలు దభాలున వేస్తాడు. ఇంకేం కావాలి?

ఒక ఉదయం మెట్ల దగ్గర ఆ షాపాయన్ని పట్టుకున్నాడు.

"ఏమయ్యా, కళ్లజోళ్లు అమ్ముకునేవాడివి, నా పొయ్యి మీద పడ్డావేంటి?"

"నేనా? నేనేం చేశానండీ?"

"ఏమీ ఎరగనట్టు మాట్లాడకు. మగాడివైతే నా ముఖం మీద చెప్పు. చాటుగా చీటీలు రాస్తావా?"

షాపాయన చేతిలో సంచీ అటూ ఇటూ మార్చుకుని, తలొంచుకుని వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడే అలా వెళ్తాడని పొయ్యి బాబాయి తీర్మానించుకున్నాడు.

ఆ ఆదివారం బొగ్గుల మీద తడి రంపపు పొట్టు పోశాడు. తెల్లటి పొగ దట్టంగా లేచి మేడ కిటికీల దాకా పాకింది. స్నేహితులు కళ్లు నలుపుకుంటూ కుర్చీలు దూరంగా జరుపుకున్నారు.

"ఈ పొగేంటండీ, ఇల్లంతా కమ్మేసింది" అంది భార్య, గుమ్మంలో నిలబడి.

"మన కోసం కాదులేవే. పైవాడి కోసం."

"పైకెంత పోతోందో గానీ..."

"కిటికీ వేసుకో మరి" అన్నాడాయన, ఇంకో దోసెడు పొట్టు పోస్తూ.

వరసగా మూడు ఆదివారాలు అలాగే చేశాడు. మూడో ఆదివారం ఆవిడ చేతిసంచీ తీసుకుని, ఎవరికో కొలతలు తీసుకోవాలని చెప్పి మధ్యలోనే వెళ్లిపోయింది. చీకటి పడే వేళకి వచ్చింది. ఎక్కడికెళ్లావని ఆయన అడగలేదు. ఆదివారం పూట కొలతలేమిటన్న ఆలోచనే ఆయనకు తట్టలేదు.

ఎనిమిదో ఫిర్యాదు తర్వాత సంఘం మీటింగు పెట్టింది. హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. అధ్యక్షురాలు ఒకప్పుడు హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్. ఇప్పటికీ ఆవిడ కళ్లజోడు పైనుంచి చూస్తే పెద్దవాళ్లు కూడా సర్దుక్కూర్చుంటారు. పొయ్యి బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు వరసలో కూర్చున్నాడు. తన వంతు రాగానే లేచాడు.

"నేను ఎవరి సొమ్మూ తినలేదు. నా ఇంటి వెనక, నా చేతుల్తో చేసుకున్న పొయ్యి మీద, వారానికి రెండు గంటలు. ఈ కాలనీలో దాని మీద కాల్చింది తినని ఇల్లుంటే చెప్పండి. ఎవరికి కష్టమైందో వాణ్ణి లేచి నిలబడమనండి."

"పేరు చెప్పకూడదని రూలుందండీ" అంది అధ్యక్షురాలు.

"మీరు చెప్పక్కర్లేదు. నాకు తెలుసు."

వెనక వరసలోంచి కళ్లజోళ్ల షాపాయన లేచాడు. "నేనొక మాట చెప్పొచ్చాండీ?"

"చూశారా, దొరికాడు!" అన్నాడు పొయ్యి బాబాయి. కొందరు నవ్వారు.

"నేనొక్క ఫిర్యాదూ రాయలేదండీ" అన్నాడు షాపాయన. "నా కిటికీ గడియ పాడైంది, గట్టిగా వేస్తే తప్ప పడదు. పెద్దాయన సరదా, వారానికి ఒక్కరోజే కదా. నన్నడిగితే ఉండనివ్వండనే అంటాను."

"నాటకాలు! నువ్వు కాకపోతే ఎవరు రాశారయ్యా? మా ఇంటి గోడలు రాశాయా?"

"నేను రాశానండీ."

గొంతు తెలిసిందే. కానీ ఆ గొంతు అక్కడ వినపడటమే ఆయనకు అర్థం కాలేదు. వెనక్కి తిరిగాడు. కిటికీ పక్క కుర్చీలోంచి ఆయన భార్య లేచి నిలబడి ఉంది. పైవాడిని కాపాడటానికి అంటోందనుకున్నాడు.

"నువ్వు కూర్చోవే. నీకేం తెలుసని మధ్యలో."

"ఎనిమిదీ నేనే రాశాను" అంది ఆవిడ. "నాకు ఊపిరాడటం లేదు."

అంతే చెప్పి కూర్చుంది. అధ్యక్షురాలు తన ముందున్న ఫైలు ఆయన వైపు జరిపింది. ఎనిమిది కాగితాలు. నీలం గీతలున్న, కొలతల పుస్తకంలోంచి చింపినవి. అవే గుండ్రటి అక్షరాలు. ఛాతీ ఇంత, భుజం ఇంత అని ముప్పై తొమ్మిదేళ్లుగా ఆయన చూస్తున్న అక్షరాలు. మొదటిదాని మీద తారీకు చూశాడు. ఏడాదిన్నర కిందటిది. ఒక్కో కాగితం తిరగేశాడు. హాల్లో అందరూ నేల చూపులు చూస్తున్నారు. ఓటింగు ఎప్పుడు జరిగిందో, ఎవరు చేతులెత్తారో ఆయనకు తెలియనే లేదు. ఇళ్ల వెనక బొగ్గుల పొయ్యిలు వద్దనీ, కావాలనుకున్నవాళ్లు కాలనీ చివరి ఖాళీ స్థలంలో కాల్చుకోవచ్చనీ తీర్మానమైంది.

ఇద్దరూ ఇంటికి నడిచి వచ్చారు. తలుపు వేశాక ఆయన అడిగాడు.

"నాతో చెప్పొచ్చుగా?"

"చెప్పాను. చెప్పినప్పుడల్లా గాలి అటు తిరిగిందిలే అన్నారు. లేకపోతే నవ్వారు."

"ఇంతమందిలో నా పరువు తీశావు కదే."

"నన్ను లేపి నిలబెట్టిందెవరు? మీరే కదా అడిగింది, లేచి నిలబడమని." ఆవిడ మిషను సొరుగు లాగి, అందులోంచి ఊపిరి మందు పీల్చే గొట్టాలు మూడు తీసి బల్ల మీద పెట్టింది. రెండు ఖాళీవి. "నేను ఆపమంటే, వచ్చేవాళ్లు రాకుండా పోతే, జీవితాంతం నా మీద కోపం పెట్టుకునేవారు. సంఘం ఆపితే సంఘాన్ని తిట్టుకుంటారు కదా అని."

"ఆ మూడో ఆదివారం..." అని ఆగిపోయాడు.

"ఆస్పత్రిలో ఉన్నాను. ముక్కుకి గొట్టం పెట్టి కూర్చోబెట్టారు. అక్కడి నర్సు అడిగింది, ఇంట్లో ఎవరూ లేరామ్మా అని."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. పైవాడి కోసమని దోసిళ్లతో పోసిన పొట్టు గుర్తొచ్చింది. పైవాడు కిటికీ వేసుకుని హాయిగా ఉన్నాడు. తను పొగబెట్టింది తన పెళ్లానికి. ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఓదార్చలేదు.

ఆ సాయంత్రమే మెట్లెక్కి షాపాయన తలుపు తట్టాడు. "తప్పైపోయింది బాబూ" అన్నాడు. షాపాయన "పర్లేదండీ" అన్నాడు గానీ లోపలికి రమ్మనలేదు. ఇప్పటికీ మెట్ల మీద ఎదురైతే నవ్వుతాడు, ఆగడు. పొయ్యి బాబాయి ఒకరోజు టూల్సు పట్టుకెళ్లి ఆ కిటికీ గడియ బాగుచేస్తానంటే, అప్పటికే చేయించుకున్నానని చెప్పాడు.

మీటింగు తర్వాతి మంగళవారం భార్యతో పాటు ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరమ్మ ఆవిడను చూడగానే పలకరించి, ఆయన వైపు తిరిగి "మీరెవరండీ, ఈవిడ అన్నయ్యా?" అని అడిగింది. రెండేళ్లుగా వస్తున్న మనిషికి మొగుడున్న సంగతి డాక్టరమ్మకు తెలియదు. ఎక్స్‌రే చూపించి, ఇక్కడి దాకా తగ్గుతుంది, ఈ కింది భాగం మాత్రం ఇలాగే ఉంటుంది అని చెప్పింది. ఆయన ఆ కింది భాగాన్నే చూస్తూ ఉండిపోయాడు. వెల్డింగులో బీట ఎక్కడుందో ఆమడ దూరం నుంచే కనిపెట్టే కళ్లు ఆయనవి.

డ్రమ్ము పొయ్యిని ఖాళీ స్థలానికి మోయించమంటారా అని సంఘంవాళ్లు అడిగితే వద్దన్నాడు. ఆ ఆదివారం ఎవరూ రారనుకుని లుంగీతో, గడ్డం కూడా చేసుకోకుండా కూర్చున్నాడు. మధ్యాహ్నం ఐదుగురూ వచ్చారు.

"పొయ్యి లేదురా" అన్నాడు గుమ్మంలోనే.

"పొయ్యిని చూడ్డానికొచ్చామేంట్రా? జరుగు, ఎండగా ఉంది" అన్నాడు క్రేను డ్రైవరుగా చేసినవాడు, చెప్పులు విప్పుతూ.

లోపలినుంచి ఆయన భార్య "టీ ఎంతమందికి?" అని కేకేసింది. ఆయన లేచి వంటగదిలోకి వెళ్లి, "నేను పెడతాలే, నువ్వు ముందుగదిలో కూర్చో" అన్నాడు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"టీ పొడి ఎక్కడుంటుందో తెలుసా?"

తెలియదు. ఒక్కో డబ్బా మూత తీసి చూడటం మొదలుపెట్టాడు.