డ్రిల్లు మాస్టారి నిక్కరు

కొత్త గుడ్డ వాసన ఈ మధ్య మారిపోయింది. పోయిన ఆదివారం మావాడి వెంట షోళింగనల్లూరులో మెయిన్ రోడ్డు మీదుండే పెద్ద ఆటసామాన్ల దుకాణానికి పోయాను. అద్దాల తలుపు తోయగానే ఏసీ చలితోపాటు రబ్బరు, ప్లాస్టిక్ కవర్లు, నైలాను అన్నీ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. మావాడు కార్తీక్, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. పొద్దున జిమ్‌లో వేసుకోడానికీ, అట్నుంచి అటే స్నేహితులతో టీ తాగడానికి పోవడానికీ పనికొచ్చే షార్ట్స్ వాడికి కావాలి. రెండిటికీ రెండు ఎందుకు, ఒకటే చాలు అని వాడు తమిళంలో చెప్తుంటే, సరే చూద్దాం అని నేను తెలుగులో జవాబు చెప్తున్నాను. మా ఇంట్లో మాటలు ఇప్పుడిట్లాగే నడుస్తాయి. దుకాణంలో అబ్బాయి నాలుగు వైపులా సాగే గుడ్డ అని ఒకటీ, చెమట నిలవదని ఇంకొకటీ తీసి బల్లమీద పరిచాడు. నేనేం ఆలోచించకుండానే ఒకదాన్ని తీసుకుని, లోపలి వైపు తిప్పి, రెండు కాళ్ళూ కలిసే చోట కుట్టు ఒంటి వరసా రెండు వరసలా అని బొటనవేలితో తడిమి చూశాను. నలభై ఏళ్ళ కిందట ఈ చేతికి ఆ పని నేర్పింది మా తాత.

మద్రాసు జార్జి టౌన్‌లో మా సందు ఒక తోపుడుబండి పోతే ఇంకో తోపుడుబండి ఆగి దారివ్వాల్సినంత ఇరుకు. కింద కాగితం బేళ్ళ గోడౌను, మేడమీద మేము, మా పైన ఎర్ర పెంకులు పరిచిన మిద్దె. తెల్లారేసరికి తడిసిన గోనెపట్టల వాసన, పక్క వీధిలోంచి ఎండుమిరపకాయల ఘాటు, అవ్వ కుంపటిమీద పెట్టిన కాఫీ డికాషను వాసన ఒకదాని మీద ఒకటి ఎక్కి మేడమెట్లు ఎక్కి వచ్చేవి. ఎండాకాలం సాయంత్రాలు మిద్దెమీద నీళ్ళు చల్లితే పెంకులు బుసబుసమని ఆవిరి వదిలేవి. ఆ తడిమీదే చాపలేసుకుని మేమంతా అవ్వ కలిపి ముద్దలు పెట్టే పెరుగన్నం, నంజుకోను మాగాయ పెట్టుకుని తినేవాళ్ళం. చలికాలం వస్తే మిద్దె పూర్తిగా తాతదే.

తాత పేరు రంగయ్య. సందులో ఆయన పేరు ఎవరికీ తెలియదు, అందరికీ డ్రిల్లు మాస్టారే. ముప్పై ఏళ్ళు ఒక తెలుగు బడిలో పిల్లలకు డ్రిల్లు నేర్పి రిటైరైనాడు. నాకు పదకొండేళ్ళప్పటికి ఆయనకు అరవై ఎనిమిది. రోజూ తెల్లవారకముందే మిద్దె ఎక్కి, వంద బస్కీలు, యాభై దండాలు తీసి, మామిడిచెక్కతో చేయించుకున్న గదల్లాంటి కర్లాకట్టలు రెండూ భుజాల చుట్టూ తిప్పేవాడు. అవి గాలిని కోస్తుంటే వచ్చే చప్పుడు నాకు నిద్రలోనే వినపడేది. ఒంటిమీద ఒక ఖాకీ నిక్కరు, చేతుల్లేని బనీను. కసరత్తు అయినాక అందరు పెద్దమనుషుల్లాగా స్నానం చేసి పంచె కట్టుకోడు. మొహం కడుక్కుని, బనీను మీద తెల్ల చొక్కా తొడుక్కుని, అదే నిక్కరుతో పాలకు, పూలకు, కూరగాయలకు, తపాలాఫీసుకు తిరిగివచ్చేవాడు. 

"ఈడ ఆడమనుషులు తిరగతా ఉండారు, పంచె కట్టుకోని పోరాదా?" అని అవ్వ రోజూ అడిగేది.

"పంచె కట్టుకుంటే ఒక చెయ్యి దాన్ని పట్టుకోనేదానికే సరిపోతాది. నాకు రెండు చేతులూ కావాల," అని తాత రోజూ అదే జవాబు చెప్పేవాడు.

దీపావళికి ముందు వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదికీ గుడ్డలు తీయడానికి పురసవాక్కం బజారుకు పోవడం మా ఇంటి ఆనవాయితీ. బస్సులో నిలబడి పోయి, జనంలో ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, ఒక్కో కొట్టూ ఎక్కి దిగి, చివరకు అమ్మ చీరా అవ్వ చీరా తేలేటప్పటికి మధ్యాహ్నం దాటేది. అప్పుడు తాత నన్ను పక్కకు తీసుకుపోయి నా నిక్కరు గుడ్డ ఎంచేవాడు. ఆ ఎంపిక పెళ్ళిచూపుల కంటే గట్టిగా జరిగేది. తానులోంచి ఒక కొసను పిడికిట్లో నలిపి, మెల్లగా ఇరవై లెక్కపెట్టి వదిలేవాడు. ముడతలు పడితే ఆ తాను వెనక్కి. తడిస్తే ఎంతసేపట్లో ఆరుతుందని కొట్టువాణ్ణి అడిగి, వాడు చెప్పింది నమ్మక, చూపుడువేలు తడి చేసి అద్ది చూసుకునేవాడు. రంగు మరీ తెల్లగా ఉంటే మిద్దెమీద పనికి రాదు, మరీ మట్టిరంగైతే బజారుకు బాగుండదు. రెండిటికీ మధ్యలో బూడిదరంగో నేరేడురంగో తేల్చేవాడు. టైలరు దగ్గర చెప్పే మాటలు నాకిప్పటికీ కంఠస్థం. మోకాలికి నాలుగు వేళ్ళు పైన ఉండాల, తొడ దగ్గర పిడికిలి దూరేంత వదులుండాల, జేబు లోతుగా ఉండాల, నడుముకు ఎలాస్టిక్కు మాత్రమే నమ్మకూడదు, లోపల బొందు కూడా ఉండాల, కాళ్ళు కలిసే చోట రెండు వరసలు కుట్టు పడాల.

నాకు పదకొండేళ్ళున్న ఆ ఏడు టైలరు ఖాళీగా లేడనో ఏమో రెడీమేడ్ కొట్టుకు తీసుకుపోయినాడు. నిక్కరు తొడిగించి, జనం నడిమధ్య, "ఊఁ, పది బస్కీలు తియ్యి," అన్నాడు. నేను కదలలేదు. కొట్టునిండా మనుషులు. "సార్, అది దీపావళికి కట్టుకునే గుడ్డ, కుస్తీకి కాదు," అని కొట్టువాడు నవ్వినాడు. "పండగనాడు వీడు కూర్చోడా, లేవడా? టపాసు కాల్చి పరిగెత్తడా?" అని తాత నెమ్మదిగా అడిగినాడు. నేను చెవులు కాలిపోతుంటే పది బస్కీలు తీశాను. లేచి చూస్తే గుమ్మం దగ్గర మా క్లాసు దామోదరం, వాళ్ళమ్మ కొంగు పట్టుకుని నిలబడి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

సోమవారం నాటికి బడిలో నేను నిక్కరు తాత మనవణ్ణి అయిపోయాను. సాయంత్రం తాత ఎప్పట్లాగే నిక్కరుతో గేటు దగ్గరకు వస్తే దామోదరం, వాడి జట్టూ గోడ వెనకాల నిలబడి బస్కీలు తీసి చూపించారు. ఇంటికి పోయే దారంతా నేను తాతకు పది అడుగులు వెనకాల నడిచాను. మేడమెట్ల దగ్గర ఆయన ఆగి, "ఏందిరా, కాలు నొస్తా ఉండాదా?" అని అడిగితే, ఏడుపు ఆపుకుంటూ, "రేపట్నించి నువ్వు పంచె కట్టుకోని రా, లేదంటే రావద్దు," అనేశాను. ఆయన మరుసటిరోజు గేటు దగ్గర పంచె కట్టుకుని, ఎడమచేత్తో దాని అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ తర్వాతి రోజూ అంతే. నేను గెలిచాననుకున్నాను. కానీ ఆయన పక్కన నడుస్తుంటే ఎవరో తెలియని ముసలాయన పక్కన నడుస్తున్నట్టుండేది.

దీపావళి అయిపోయింది. అవ్వ చేసిన తీపి సుఖియలు, అమ్మ చేసిన మురుకులు డబ్బాల్లో అడుగంటే వేళకు వానలు పట్టుకున్నాయి. మద్రాసు వాన ఒకసారి పట్టిందంటే ఆకాశం కిందికి దిగి మిద్దెమీద కూర్చున్నట్టుంటుంది. మూడోరోజు మధ్యాహ్నం బడిలోకి నీళ్ళొచ్చాయి. బెంచీల కింద చెప్పులు తేలుతున్నాయి. టీచర్లు మమ్మల్ని వీధుల వారీగా నిలబెట్టి, పెద్దవాళ్ళు వచ్చినవాళ్ళను వచ్చినట్టే పంపిస్తున్నారు. మా వైపు పోవాల్సినవాళ్ళం పన్నెండుమందిమి. మధ్యలో పల్లపు వీధి ఒకటుంది. అక్కడ నీళ్ళు పెద్దవాళ్ళకు నడుముదాకా ఉన్నాయని, కాలవ మూతలు లేచిపోయాయని అటునుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. ఆ పన్నెండుమందిలో దామోదరం ఉన్నాడు, వాడి చెల్లెలు మూడో క్లాసు పిల్ల కూడా ఉంది. ఎవరి ఇంట్లోవాళ్ళూ రాలేదు. నిలబడి నిలబడి చిన్నపిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

అప్పుడు తాత వచ్చాడు. తడిసిన పంచె రెండు కాళ్ళకూ చుట్టుకుపోయి, అడుగు తీసి అడుగు వేయలేక గేటు పట్టుకుని నిలబడిపోయాడు. టీచరు ఆయన్ను చూసి, "మాస్టారూ, మీరొక్కరూ ఇంతమందిని ఎట్లా తీసుకుపోతారు? వద్దు, ఎవరైనా వచ్చేదాకా ఉండండి," అంది. తాత వెనక్కి తిరిగి నీళ్ళను చూశాడు. లోపల మెట్టుమీదికి ఎక్కుతున్న నీళ్ళను చూశాడు. తర్వాత నన్ను దగ్గరకు పిలిచి, వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"ఏం నాయనా, పంచె తీసేదా?"

 అంత నీళ్ళల్లో, అంతమంది పిల్లలు ఏడుస్తుంటే, పదకొండేళ్ళ నా పరువు కోసం ఆయన నా అనుమతి అడిగాడు. నేను తల ఊపాను.

పంచె విప్పాడు. లోపల ఖాకీ నిక్కరు ఉండనే ఉంది. ఆ నాలుగు గజాల పంచెను పొడుగ్గా మెలిపెట్టి, జానెడు జానెడుకు ఒక ముడి వేశాడు. ఆయన చేతులు ఎంత వేగంగా కదిలాయంటే టీచరు మాట మధ్యలోనే ఆపేసింది. ముడికొకర్ని పట్టుకోమన్నాడు, పెద్దవాడు చిన్నవాడు, పెద్దవాడు చిన్నవాడు, అట్లా వరసగా. దామోదరం చెల్లెల్ని తాత తన భుజాలమీద కూర్చోబెట్టుకున్నాడు. ముందు కొస తన నడుముకు కట్టుకుని, చెప్పులు వదిలేసి, డ్రిల్లు గొంతు తీశాడు. "ఎడమ... కుడి... ఎడమ..." ఆ గొంతు మాకు మిద్దెమీద వినే గొంతు కాదు. బడి మైదానం చివరిదాకా పోయే గొంతు. ఏడుపులు ఆగిపోయాయి. ముడి పట్టుకుని మేమంతా ఎడమ అంటే ఎడమ, కుడి అంటే కుడి వేసుకుంటూ నీళ్ళల్లోకి దిగాం.

నీళ్ళు నా రొమ్ముదాకా వచ్చాయి. అరటిబోదెలు, కాగితపు అట్టలు, ఎవరిదో ఒక ఇత్తడి చెంబు పక్కనుంచి కొట్టుకుపోతున్నాయి. తాత ఒక్కో అడుగూ ముందు పాదంతో తడిమి, నేల దొరికినాకే బరువు వేస్తున్నాడు. పల్లపు వీధి నడుమ ఉన్నట్టుండి ఆగి, "నిలబడండి," అన్నాడు. ఆయన కుడికాలికి నేల అందలేదు. కాలవ మూత లేని చోటు అది. ఆయన ఎడమకాలు ఒక అంచునా కుడికాలు ఇంకో అంచునా పెట్టి, గుంత మీద కాళ్ళు ఎడంగా చాచి, బస్కీకి వంగినట్టు వంగి నిలబడ్డాడు. భుజంమీద పిల్ల అట్లాగే ఉంది. "నా కుడిపక్కగా, గోడ రాసుకుంటా పోండి, ఒక్కొక్కరుగా," అన్నాడు. చివరి పిల్లవాడు దాటేదాకా ఆయన ఆ నీళ్ళల్లో అట్లాగే ఉన్నాడు. నేను దాటుతుంటే నీళ్ళ కింద ఆయన తొడ నా చేతికి తగిలింది. తాడులాగా బిగిసి, సన్నగా వణుకుతోంది. మొహంలో మాత్రం ఏమీ లేదు.

ఒక్కొక్కర్ని వాళ్ళ వాళ్ళ గుమ్మంలో దింపి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. అవ్వ వేడినీళ్ళు కాచి పెట్టింది. నేను తల తుడుచుకుంటూ, "రేపట్నించి నిక్కరుతోనే రా తాతా," అన్నాను.

"ఏం, పంచె ఆరలేదనా?" అన్నాడు.

బడి తెరిచిన వారానికి ఒక పొద్దున మేడమెట్లమీద చప్పుడైంది. దామోదరం. "మాస్టారు ఉండారా?" అని అడిగి, అవ్వ ఉన్నాడన్నాక వెనక్కి తిరిగి కేకేస్తే ఇంకా ఐదుగురు ఎక్కివచ్చారు. అందరూ నిక్కర్లతో. ఆ చలికాలమంతా మా మిద్దెమీద ఆరేడుగురు పిల్లలు బస్కీలు తీశారు. కసరత్తు అయినాక అవ్వ ఇత్తడి గ్లాసుల్లో మజ్జిగ పోసిన రాగి అంబలి, పైన ఉల్లిపాయ ముక్కలు వేసి ఇచ్చేది. బడి ఆటల పండగనాడు హెడ్మాస్టరు తాతను పిలిపించారు. ఇస్త్రీ చేసిన ఖాకీ నిక్కరు, లోపలికి దోపిన తెల్ల చొక్కా, ఎండకు మెరిసే గుండుతో ఆయన మైదానం నడుమకు నడిచి వస్తుంటే పిల్లలంతా లేచి నిలబడ్డారు. నేను మొదటి వరసలో ఉన్నాను. బడిలో కొత్తగా చేరిన పక్కవాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీ తాతా?" అని అడిగితే, కావాలనే గట్టిగా, వెనక వరసలకు వినపడేట్టు, "మా తాతే," అన్నాను.

ఇప్పుడు ఆ మేడ లేదు. ఆ చోట నాలుగంతస్తుల గోడౌను, నిండా ప్లాస్టిక్ సామాన్లు. మిద్దెమీద సెల్ టవరు నిలబెట్టారు. ఆ తెలుగు బడి ఇంగ్లీషు మీడియం అయింది. పురసవాక్కంలో గుడ్డను పిడికిట్లో నలిపి చూసేవాళ్ళు కనపడరు, అంతా ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకునేవాళ్ళే. తెల్లవారుజామున గాలిని కోసే ఆ చప్పుడు నేను విని ముప్పై ఏళ్ళు దాటింది.

దుకాణంలోంచి బయటపడి, మేమిద్దరం రోడ్డుపక్క టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. ఆఫీసు కార్లు వరసగా పోతున్నాయి. కార్తీక్ నన్ను, "అంతసేపు కుట్టు ఎందుకు చూసినావ్ అప్పా?" అని తమిళంలో అడిగితే, నేను ఇదంతా మొదట్నించీ చెప్పాను. వాడు టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా విన్నాడు. విన్నాక, చాలా రోజులుగా నాతో తెలుగు మాట్లాడనివాడు, వాడంతట వాడే తెలుగులో అడిగాడు.

"ఆ తాతకి ఈత బాగా వచ్చా అప్పా?"

"రాదు," అన్నాను. "ఒక్క బార కూడా రాదు. ఆయన పోయినాక మా అవ్వ చెప్పింది."

వాడు చల్లారిన తన టీ గ్లాసు అందుకున్నాడు. నేను కూడా నిటారుగా కూర్చుని నా టీ తాగాను.