సుభద్ర గారు చేయని తప్పు

ఒక మాట నా లోపల ఏళ్ళ తరబడి బరువుగా కూర్చుని ఉంది. అన్నం తింటుంటే గుర్తొస్తుంది. ఎవరన్నా నన్ను మంచివాడంటే మరీ గుర్తొస్తుంది. మా ఆవిడకి చెప్పలేదు. స్నేహితులకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీ దగ్గర నోరు విప్పగలుగుతున్నానేమో.

తొంభైల చివర్లో కొత్తపేట దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరేను. కంప్యూటర్ ల్యాబ్ నా చేతికింద ఉండేది. ఇరవై కంప్యూటర్లు, అన్నింటిలోనూ విండోస్. పిల్లలు జేబుల్లో ఫ్లాపీలు పెట్టుకొచ్చేవారు. బయట ఏ డీటీపీ షాపులోనో పెట్టి తీసిన ఫ్లాపీ, దాంతోపాటే వైరస్. పొద్దున్న ఒకదాంట్లో పెడితే సాయంత్రానికి ఇరవైకీ అంటుకునేది. కాలేజీలో ఇంటర్నెట్ లేదు. యాంటీవైరస్‌కి కొత్త అప్‌డేట్ కావాలంటే శనివారం బస్సెక్కి అమలాపురం వెళ్ళాలి. నెట్ సెంటర్లో కూర్చుని, తెగుతూ తెగుతూ వచ్చే లైను మీద దాన్ని దించుకుని, సీడీ మీద రాయించుకుని రావాలి. అన్నింటికీ ఎక్కించేసరికి ఆదివారం కూడా అయిపోయేది. సోమవారానికి ఇంకో కొత్త వైరస్.

దిక్కుమాలిన పని అని తిట్టుకునేవాణ్ణి. నిజంగానే విసుగొచ్చేది. కానీ ఏ కంప్యూటర్ ఆగిపోయినా ప్రిన్సిపాల్ గారి దగ్గర్నుంచి గుమాస్తా దాకా అందరూ నా కోసమే వెతికేవారు. "మాస్టారు వస్తే గాని ఇది లేవదండి" అనేవారు. ఆ మాట వినపడితే, చేతిలో పనున్నా, కొంచెం ఆలస్యంగా వెళ్ళేవాణ్ణి. ఎందుకు? వాళ్ళు ఎదురుచూడ్డం నాకు బాగుండేది. అప్పట్లో ఇది ఒప్పుకునేవాణ్ణి కాను.

రెండువేలు దాటిన కొత్తల్లో సుభద్ర గారు లెక్చరర్‌గా చేరేరు. వాళ్ళది తరతరాలుగా వేదం చెప్పే కుటుంబం. ఆ ఇంట్లో కంప్యూటర్ ముట్టుకున్న మొదటి మనిషి ఆవిడే. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. గట్టిగా మాట్లాడేవారు కారు. నేను శని, ఆదివారాలు పడుతున్న పాట్లు మూడు నెలలు చూసేరు. ఒకరోజు నా ముందే ప్రిన్సిపాల్ గారితో అన్నారు, విండోస్ తీసేసి లినక్స్ అనే వేరే సిస్టమ్ పెట్టుకుందామని. ఈ వైరస్‌లు దాని మీద నడవవని, సిలబస్‌లో ఉన్నవన్నీ దాంట్లోనూ చేసుకోవచ్చని, సార్‌కి ఆదివారాలైనా మిగుల్తాయని.

నా కోసమే అన్నారు. అది గుర్తుంచుకోండి. నేను కూడా మర్చిపోకూడదనే రాస్తున్నాను.

వేసవి సెలవుల్లో ఆవిడ ఒక్కరే కూర్చుని ఇరవైకీ లినక్స్ ఎక్కించేరు. పిల్లల పనంతా ఒక పెద్ద కంప్యూటర్లో దాచేలా ఏర్పాటు చేసేరు. కాలేజీ తెరిచేక నెల గడిచింది, రెండు నెలలు గడిచేయి. ఒక్కటీ ఆగలేదు. నన్నెవరూ పిలవలేదు.

శనివారాలు ఖాళీ అయిపోయేయి. సంతోషించాల్సింది కదా? ఇంట్లో కూర్చుంటే ఏమీ తోచేది కాదు. ఆ కొత్త సిస్టమ్ నేర్చుకుందామని పుస్తకం తెచ్చుకున్నాను. నల్ల తెర మీద కమాండ్లు కొట్టాలి, ఒక అక్షరం తేడా వస్తే పని జరగదు. సుభద్ర గారు పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పేవారు. నాకంటే ముందు పిల్లలకి వచ్చేసేది. ఎవరన్నా నన్ను సందేహం అడిగితే, "మేడమ్‌ని అడగండి" అనేవాణ్ణి, పెద్దమనసు ఉన్నవాడిలా నవ్వుతూ. ఒకసారి ఊరి పెద్దలెవరో వస్తే ప్రిన్సిపాల్ గారు ల్యాబ్ చూపించి, "ఇది మా సుభద్ర గారి ల్యాబండి" అన్నారు. నేను అక్కడే, తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. ఆ రోజునుంచి ఆవిడ నవ్వినా ఓర్వలేకపోయేను. బాగా చదువు చెప్పినా ఓర్వలేకపోయేను. అసూయ అనే మాట నా గురించి నేను ఎప్పుడూ అనుకోలేదు. జాగ్రత్తగా ఉండాలి, ఎవరో ఒకరు తప్పులు కనిపెట్టాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఏ తప్పూ కనపడలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

పెద్ద కంప్యూటర్ పాస్‌వర్డ్ ఆవిడే కాగితం మీద రాసి నాకిచ్చేరు, తను సెలవు పెడితే ఇబ్బంది కాకూడదని. ప్రతి బుధవారం పిల్లల పనంతా సీడీ మీద కాపీ తీసి, అదీ నాకే ఇచ్చేవారు. అసలూ కాపీ రెండూ ఒకేచోట ఉండకూడదండి అనేవారు.

అది మార్చి నెల. ఆఖరి సంవత్సరం పిల్లల ప్రాజెక్టులకి సోమవారం వైవా. గురువారం పొద్దున్న సుభద్ర గారు స్టాఫ్ రూములో అందరి ముందూ చెప్పేరు, అమలాపురంలో దించుకొచ్చిన భద్రత అప్‌డేట్లు పెద్ద కంప్యూటర్‌కి ఎక్కించేనని, చేయకపోతే ఎవరైనా చొరబడే సందులు ఉండిపోతాయని. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళేరు. నేను వెళ్ళలేదు.

చేసింది చాలా చిన్న పని. ఒక్క లైను కొట్టేను. ఈ కమాండుతో జాగ్రత్తండి, ఇది మళ్ళీ అడగదు, చెరిపేస్తుంది అంతే, అని ఆవిడే నాకు నేర్పిన కమాండు. పిల్లల ఆరు నెలల పని నాలుగైదు క్షణాల్లో పోయింది. తర్వాత క్యారేజీ విప్పుకుని అన్నం తిన్నాను. తినగలిగేను. ఇప్పుడు రాస్తుంటే అదే నమ్మలేకపోతున్నాను.

రెండింటికి సుభద్ర గారు నా దగ్గరికి వచ్చేరు. మొహంలో రక్తం లేదు.

"సార్, పిల్లల ఫైళ్ళు ఒక్కటీ లేవండి. పొద్దున్న అప్‌డేట్ ఎక్కించేను కదా, దానివల్లేనంటారా?"

"అంతే అయ్యుంటుందండి. వైవా ముందు అలాంటివి పెట్టుకోకుండా ఉండాల్సింది."

"ఆయ్. నాదే తొందరండి. మీకిచ్చిన సీడీ ఉంది కదండీ? నిన్ననే తీసేను."

"అదే పెట్టి చూసేనండి. చదవట్లేదు."

"అయితే నేనే సరిగ్గా రాయలేదేమో," అన్నారు.

నన్ను అనుమానించలేదు. సీడీ ఇమ్మని కూడా అడగలేదు. తన చేతినే అనుమానించుకున్నారు. ఆ క్షణంలో నాకేం అనిపించింది? భయం కాదు. జాలి కాదు. సిగ్గుతో చెబుతున్నాను, హాయిగా అనిపించింది.

ఆవిడ క్లాసుకి వెళ్ళి పిల్లల ముందు నిలబడి క్షమించమన్నారు. కొంతమంది ఏడ్చేరు. ఒకరి తండ్రి కాలేజీకొచ్చి గట్టిగా అరిచేరు. శుక్రవారం కాలేజీ కమిటీవాళ్ళు ఆవిణ్ణి పిలిపించి మాట్లాడేరు. శనివారం సుభద్ర గారు రాజీనామా ఇచ్చేసేరు. స్టాఫ్ రూములో పుస్తకాలు సర్దుకుంటుంటే నేను సంచీ పట్టుకుని సాయం చేసేను. ఆవిడ వెళ్ళిపోవాలని నేను అనుకున్నానా? అంతదాకా ఆలోచించలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ సంచీ బస్సులో పెట్టే ముందు ఒక్క మాట అంటే ఆవిడ ఆగిపోయేవారు. సీడీ నా బీరువాలోనే ఉంది.

ఆదివారం ఒక్కణ్ణీ ల్యాబుకి వెళ్ళి ఆ సీడీ పెట్టేను. పది నిమిషాల్లో అన్నీ వచ్చేసేయి. సోమవారం పొద్దున్న ప్రిన్సిపాల్ గారు అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని ఊపేరు. రెండు రోజులు నిద్రాహారాలు మాని ఫైళ్ళు వెనక్కి తెచ్చేనన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టేరు. నేను తల వంచుకున్నాను. అందరూ దాన్ని వినయం అనుకున్నారు.

వేసవిలో విండోస్ మళ్ళీ వచ్చింది. వైరస్‌లు వచ్చేయి. ఫ్లాపీలు పోయి పెన్‌డ్రైవ్‌లు వచ్చేక మరీ ఎక్కువయ్యేయి. మళ్ళీ నా కోసం వెతకడం మొదలుపెట్టేరు. నాకు కావలసింది నాకు దొరికింది. శనివారం అమలాపురం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే మాత్రం ఎవరి మొహమూ చూడబుద్ధి అయ్యేది కాదు.

అయిదారేళ్ళ తర్వాత రాజోలు బస్సులో సుభద్ర గారు కనపడ్డారు. మలికిపురం దగ్గర ఒక స్కూల్లో లెక్కలు చెబుతున్నారట. ఎవరో స్కూలు పిల్లలు "టీచరు గారూ, ఇక్కడ కూర్చోండి" అని లేచి సీటిచ్చేరు. నన్ను గుర్తుపట్టి ఎంతో సంతోషించేరు. కంప్యూటర్లు వదిలేసేనన్నారు.

"ఇంట్లో మావారి కంప్యూటర్లో అప్‌డేట్ చేయమంటారా అని వస్తుందండి. ఆ బటను నొక్కలేను సార్. మావారినే నొక్కమంటాను," అని నవ్వేరు. తర్వాత నవ్వు తగ్గించి, "మీకు థాంక్స్ చెప్పడమే కుదర్లేదండి. ఆ పిల్లల పని మీరు కాపాడేరు. లేకపోతే నేను ఏమైపోయేదాన్నో," అన్నారు.

"అయ్యో, ఎంత మాటండి," అన్నాను.

అంతే అన్నాను. ఆవిడ దిగాల్సిన ఊరు ఇంకా రాలేదు. చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. చెప్పలేదు. ఇంకో సంగతి కూడా ఉంది, అదీ దాచను. ఆ పిల్లలు ఆవిడకి సీటిచ్చినప్పుడు, అన్నీ తెలిసి కూడా, నా గుండెలో పాత మంట ఒకటి కదిలింది. ఇన్ని కోల్పోయిన మనిషిని చూసి కూడా కుళ్ళుకున్నాను. ఇలాంటివాడు క్షమించమని ఎవర్ని అడుగుతాడు?

అడగడం లేదు. ఇది సుభద్ర గారి కంటపడుతుందో లేదో తెలీదు. పడాలనుందా అంటే, ఒక రోజు ఉంటుంది, ఒక రోజు ఉండదు. ఒక్కటి మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆ గురువారం ఆవిడ చేసిన పనిలో ఏ పొరపాటూ లేదు. ఆవిడ చెయ్యి సరిగ్గానే ఉంది. చెరిపింది నేను. ఇన్నేళ్ళలో ఈ మాట పైకి అనలేదు, కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు పెట్టేను. ఊపిరి కొంచెం కిందికి దిగింది. దీనివల్ల నాకు అంతకంటే ఏమీ రాదు. రావాలనీ అనుకోవడం లేదు.