బీడింగ్ పట్టీల మధ్య జానెడు చోటు

మధ్యాహ్నం రెండు దాటితే వీధి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా మా ముందుగది గోడ మీద పడుతుంది. తెల్లటి గోడ, దాని మీద తెల్లటి చెక్క బీడింగ్ పట్టీలు. అంతవరకూ కనబడని అంచులకు సన్నటి నీడలు పుట్టి మెల్లగా సాగుతాయి. బయట ఎక్కడో బెల్లం వాసన. చాప మీద పడుకుని ఆ నీడల వెంట చూపు పోనిస్తే, నిద్రో మెలకువో తెలియని చోట తేలుతూ ఉంటాను. అప్పుడెవరైనా తలుపు కొడితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ గోడ కోసం నేను పడ్డ ఆరాటం అంతా ఇంతా కాదు. ఫోన్లో వీడియోలు చూసి చూసి, నడుమెత్తున ఈ చివర నుంచి ఆ చివరికి ఒక పట్టీ, దాని పైన మూడు పెద్ద ఫ్రేములు అని తేల్చుకున్నాను. అడ్డొచ్చింది ఒకటే. గోడ మధ్యలో, సరిగ్గా ఆ ఎత్తునే, మా అత్తయ్య రాసే పసుపు. ఆవిడ కూతురు చిన్నతనంలోనే పోయింది; ఆ పిల్ల గుర్తు అది. గోడకు అరచేతి మేర పసుపు రాసి, బొట్టు పెట్టి, ఏడాదికోసారి దాని ముందు కొత్త గౌను పెడుతుంది. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. కిందటేడు వంగలేక ఏడ్చేసింది. తన తర్వాత ఎవరు రాస్తారోనని చుట్టాలందరి దగ్గరా అంటుందట, నా దగ్గర మాత్రం ఎప్పుడూ అనలేదు. అనేలా నేనుంటే కదా! కాపురానికొచ్చిన కొత్తలోనే, "గోడ పాడవుతోంది" అన్న నోరు నాది.

ఆవిడ కొండకర్లలో చెల్లెలి ఇంటికి వెళ్ళిన రోజు చూసి పని మొదలెట్టించాను. వడ్రంగి ఊరు రోలుగుంట. పట్టీ బిగించుకుంటూ వచ్చి పసుపు దగ్గర చేయి ఆపేశాడు.

"ఇక్కడ మేకు కొట్టనక్కా. మా ఇంట్లోనూ ఉంది, మా సెల్లిది."

"గీకేసి పుట్టీ పెట్టెయ్. ఎలాగూ రంగు వేస్తాం. ఆవిడ కావాలంటే పూజగదిలో రాసుకుంటుంది," అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. నేను వంటింట్లోకి వెళ్ళి, మా ఆయనకు ఫోన్ చేసి, ఆయన మీద నాలుగు అరుపులు అరిచి వచ్చేసరికి, పసుపుకు అటూ ఇటూ చిన్న నిలువు పట్టీలు, పైన ఒక అడ్డపట్టీ బిగించేసి సామాను సర్దుకుంటున్నాడు. మధ్యలో జానెడు చోటు. ఒంటికాలి మీద లేచాను. పన్ను ఊడిన నోరులా ఉందన్నాను. రేపు వేరేవాడిని పిలిచి ఇది పీకించేస్తానన్నాను. అతను రంపం సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికే అత్తయ్య వచ్చింది. ఎండ ఇంకా గోడ మీదే ఉంది. చేతిసంచీ దించకుండా చాలాసేపు నిలబడి చూసింది.

"దానికి గుమ్మం కట్టించేవేటమ్మా?" అంది. "నా తరవాత నువ్వే రాత్తావు గదా? ఇన్నాళ్ళూ నిన్ను అడగడానికి బయపడ్డాను."

ఊరుకుంటే ఆ మంచితనం నాదే అయిపోయేది. ఆవిడ కళ్ళు చూస్తూ ఊరుకోలేకపోయాను.

"నేను కట్టించలేదత్తయ్యా. గీకేయమన్నాను. అతనే గీకలేదు."

ఆవిడ సంచీ కింద పెట్టి లోపలికి వెళ్ళింది. ఇక నాతో మాట్లాడదనుకున్నాను. గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చి నా చేతికిచ్చింది.

"రంపంపొట్టు పడింది. తుడిసి రాయి."

తడిగుడ్డతో తుడిచి పసుపు రాశాను. వేలికి కుంకుమ అద్దుకుని, నిలబడే, ఆ చిన్న గుమ్మంలో పైకంటా చేయి పెట్టాను. అత్తయ్య నా మణికట్టు పట్టుకుని కిందికి దించింది. నేను మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది.

"ఇక్కడ. నుదురు ఇక్కడికొచ్చేది," అంది. "అది అంత పొడుగవలేదు."