కాంటా కంప్యూటర్లకు కాపలా తీసేసిన రోజు

బోధన్ దాటాక కొంత దూరంలో ఉన్న ఒక చెరుకు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునేది నేను. చూసుకోవడమంటే, ఏది నడిచినా నా పేరు ఎవరికీ గుర్తురాదు, ఏది ఆగినా తప్పు నాదే.

నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఇంట్లో పెరిగాను. మా అమ్మ చుట్టిన బీడీలను ముందు ఆకు, తంబాకు ఇచ్చి చుట్టించుకునే టేకేదారు చూసి కొన్ని ఏరి పారేసేవాడు. తర్వాత అవే కట్టలను కార్ఖానాలో మళ్ళీ విప్పి ఇంకొన్ని పారేసేవారు. ఒకసారి చూసిందాన్నే మళ్ళీ చూస్తామనే మనుషులంటే నాకు అప్పటి నుంచే ఒళ్ళు మంట.

ఆ ఏడాది చెరుకు ఆడే క్రషింగ్ సీజన్‌కు ముందు హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి ఒక హుకుం వచ్చింది. చెరుకు బండ్లను తూచే కాంటా కంప్యూటర్లన్నిటిలో కొత్త యాంటీవైరస్ వేయాలి, ఫైళ్ళ రక్షణ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి, ఎవరూ ముట్టుకోరాదు. మా కాంటా గదుల్లో కనిపించేవి ఉత్త తెరలు. అసలు కంప్యూటర్లన్నీ ఆఫీసులోని ఒకే పెద్ద సర్వర్‌లో ఉంటాయి, ఒకే ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు. వాటిని వర్చువల్ మెషీన్లంటారు. ఆ ఇంటి గేటు దగ్గర కాపలా ముందే ఉంది. బయటి నుంచి వచ్చే ప్రతి ఫైలునూ సర్వరే తనిఖీ చేస్తుంది. ఇప్పుడు ప్రతి వాటాలోనూ ఇంకో కాపలావాడిని కూర్చోబెట్టమన్నారు. కూర్చున్నవాడు ఊరుకోడు కదా! ట్రాక్టర్ కాంటా ఎక్కగానే బరువుకో ఫైలు, ఫోటోకో ఫైలు, చీటీకో ఫైలు తయారవుతాయి. అన్నిటినీ తెరిచి చూస్తాడు.

పొద్దున బాగానే నడిచేది. తెల్లవారుజామున కొట్టిన చెరుకంతా మధ్యాహ్నానికి ఒక్కసారిగా వచ్చిపడేది. అప్పుడు వాటాల్లోని కాపలావాళ్ళందరూ కలిసి ఆ ఒక్క సర్వర్ మీద పడేవారు. తెరలు బిగుసుకుపోయేవి. ట్రాక్టర్ల లైను రోడ్డెక్కేది. కొట్టిన చెరుకు ఎండలో నిలబడితే నీరు ఆవిరై బరువు తగ్గుతుంది. ఆ నష్టం రైతుది, హెడ్డాఫీసుది కాదు.

అక్కడ యాంటీవైరస్ చూసే సారుకు ఫోన్ చేశాను. వర్చువల్ మెషీన్లలో ఫైళ్ళ రక్షణ ఆపేసి, సర్వర్ కాపలా ఒక్కటే ఉంచుదామన్నాను. "రక్షణ ఆపడమేంటమ్మా? మెయిల్ పెట్టండి, చూస్తాం" అన్నారు. పెట్టాను. మళ్ళీ పెట్టాను. చూస్తూనే ఉన్నారు.

ఒక మధ్యాహ్నం రెంజల్ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ట్రాక్టర్ దిగి, కొంగు నెత్తిన వేసుకుని కాంటా గది కిటికీలోంచి తొంగి చూసింది.

"బిడ్డా, పొద్దుగాల కొట్టిన చెరుకు ఈడనే ఎండుతున్నది. నీ డబ్బకు ఏం రోగమచ్చింది?"

"రోగం లేదవ్వా. మందే ఎక్కువైంది."

"పరాష్కాలు తర్వాత. నాకు రేపటికి గూడ పర్మిట్ ఉన్నది. మిగిలిన చేనంత కొట్టియ్యాలె. చెరుకు కొట్టే మరాఠోళ్ళ ముఠా ఎల్లుండి వేరే ఊరికి పోతదట. కొట్టియ్యాల్నా, వద్దా? నువ్వే చెప్పు."

మా దగ్గర ఫ్యాక్టరీ పర్మిట్ ఇచ్చిన రోజే చెరుకు కొట్టాలి. అది దాటితే మళ్ళీ వంతు వచ్చేదాకా చేను ఎదురుచూడాలి. అప్పటికి కొట్టే కూలీలు ఉండరు. ఏడాది పంట అది. నాకు సిగ్గేసింది, ఆ వెంటనే పట్టరాని కోపం వచ్చింది.

"కొట్టియ్యవ్వా. రేపు నీ బండి ఈడ ఆగది."

నోరు జారి అన్న మాట కాదు. తెలిసే అన్నాను. సర్వర్ గదిలోకి వెళ్ళి, ముందు వర్చువల్ మెషీన్లకు ఇంటర్నెట్ తీసేశాను. పెన్‌డ్రైవ్‌లు పనిచేయకుండా చేశాను. సర్వర్ కాపలా ఆన్‌లోనే ఉందని చూసుకున్నాను. అప్పుడు ఒక్కో మెషీన్‌లో ఫైళ్ళ రక్షణ ఆపేశాను. ప్రతి తెర మూలనా ఎర్ర గుర్తు వచ్చింది, మీ కంప్యూటర్‌కు రక్షణ లేదని. ఎండలో నిలబడ్డవాళ్ళకు ఏం రక్షణ ఉందో ఆ గుర్తు ఏనాడూ చెప్పలేదు. కాసేపట్లో లైను కదిలింది.

ఏం చేశానో, ఎందుకు చేశానో పూసగుచ్చినట్టు రాసి హెడ్డాఫీసుకు నేనే మెయిల్ పెట్టాను. దాచుకోవడానికి నేనేం దొంగతనం చేయలేదు.

ఈసారి మాత్రం వెంటనే చూశారు. మరునాడు మధ్యాహ్నం సారే ఫోన్ చేశారు.

"ఎవరినడిగి ఆపారు?"

"ఎవర్నీ అడగలె సార్. అడిగినన్ని రోజులు అడిగిన."

"ఈ క్షణమే ఆన్ చెయ్యండి. లేదంటే రేపటి నుంచి మీరు రానక్కర్లేదు."

కిటికీలోంచి చూశాను. లైనులో అవ్వ ట్రాక్టర్, దాని వెనక ఆమెదే ఇంకొకటి. నా మాట నమ్మి చేనంతా కొట్టించి తెచ్చింది. భయం వేయలేదంటే అబద్ధం.

"సార్, నన్ను తీసేస్తే నా కుర్చీల ఇంకొకర్ని కూసోబెట్టుకుంటరు. కొట్టిన చెరుకును మల్ల చేన్ల నిలబెట్టొస్తదా?"

అవతల గొంతు లేచింది. ఏవో రూల్స్ చెప్తున్నారు.

"జర ఆగుండ్రి సార్. మీరు నీడకే ఉన్నరు గదా" అని ఫోను బల్ల మీద పెట్టాను.

అవ్వ ట్రాక్టర్ కాంటా ఎక్కింది. బరువు పడింది, చీటీ వచ్చింది. రెండో ట్రాక్టర్ ఎక్కింది. దాని చీటీ కూడా వచ్చింది. ఫోనులో సారు హలో హలో అంటూనే ఉన్నారు. రెండు చీటీలూ కిటికీలోంచి అవ్వ చేతికిచ్చి, ఆమె కొంగున ముడేసుకునేదాకా చూసి, అప్పుడు ఫోను తీసుకున్నాను.

"ఆఁ, ఇప్పుడు చెప్పుండ్రి సార్."