కిటికీలోంచి తువ్వాలు

మా ఇంట్లో బస్సు సీటు పట్టే ఉద్యోగం నాది. నరసరావుపేట బస్టాండులోకి గురజాల బస్సు రాగానే కిటికీలోంచి చెయ్యి దూర్చి సీటు మీద తువ్వాలు వెయ్యాలి. తువ్వాలు పడిందంటే ఆ సీటు మాదే, ఎంత మొనగాడైనా దాని మీద కూర్చోడు. నా చెయ్యి భుజం దగ్గర ఎటంటే అటు తిరిగేది. రెండు చేతులూ వెనక కట్టుకుని, విడవకుండా తల మీదుగా ముందుకు తెచ్చేదాన్ని. చుట్టాలొస్తే అమ్మ నన్ను పిలిచి మరీ చేయించేది. నాకూ గొప్పగానే ఉండేది.

కిందటేడు ఒక ఆదివారం తువ్వాలు వేసి చెయ్యి తీసేలోగా బస్సు జానెడు ముందుకు కదిలింది. భుజం టక్కుమని జారి, మళ్లీ దానంతటదే కూర్చుంది. సీటు మాత్రం దొరికింది. కళ్లనీళ్లు కారుతుంటే ఆ సీట్లోనే కూర్చుని ఇంటికొచ్చాను.

ఏ నొప్పికైనా అమ్మ దగ్గర ఒకటే వైద్యం, నూనె రాసి లాగడం.

"పట్టేసిందే. బాగా లాగితే వదులుద్ది," అని రోజూ సాయంత్రం లాగేది. లాగినంతసేపూ హాయిగానే ఉండేది. తర్వాత జడ వేసుకుంటున్నా భుజం జారేది, నిద్రలో పక్కకు తిరిగినా జారేది. నేను కారంపూడిలో లెక్కల టీచర్ని. బోర్డు కింది సగంలోనే రాస్తుంటే వెనక బెంచీల పిల్లలు లేచి నిలబడి చూసేవాళ్లు. చెయ్యి ఎత్తలేని లెక్కల టీచరేం టీచరు? ఉద్యోగం మానేయాల్సి వస్తుందేమోనని నిజంగానే భయపడ్డాను.

చివరికి నరసరావుపేటలో ఎముకల డాక్టరు చూసి, ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు ఫిజియోథెరపీ అన్నారు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నా వేళ్లూ మోచేతులూ వంచి చూసింది. నేను ఉత్సాహంగా నా చేతుల విద్య మొదలుపెట్టబోయాను.

"ఆపండి మేడమ్. అది ఇంకెప్పుడూ చెయ్యకండి. మీ భుజం పట్టెయ్యలా, పుట్టుకతోనే మీ కీళ్లు చానా వదులు. లాగేకొద్దీ ఇంకా వదులవుద్ది. చుట్టూ కండ గట్టిపడితే అదే పట్టుకునుంటది."

పక్కనే ఉన్న అమ్మ మొహం చిన్నబోయింది. "అంటే రోజూ లాగి నేనే చెడగొట్టానా?"

"తెలియక చేశారులే పెద్దమ్మా," అంది ఆ అమ్మాయి.

ఇక రోజూ అదే పని. బస్సు సీట్ల మీద పరిచిన ఆ తువ్వాలునే చుట్టి మోచేతికీ ఒంటికీ మధ్య పెట్టుకుని, కిటికీ ఊచకు కట్టిన రబ్బరు పట్టీని మెల్లగా ఒంటికి దూరంగా లాగాలి. గోడను నెట్టాలి. చెయ్యి విసురుగా ఎత్తకూడదు. ఇంతకన్నా విసుగు పుట్టించే పని నేను చూడలేదు. అమ్మ ఎదురుగా కూర్చుని లెక్కపెట్టేది, ఒక్కటి తగ్గినా ఊరుకునేది కాదు. నెలలు గడిచాక ఒకరోజు బోర్డు పైన, ఆ చివర నుంచి ఈ చివర దాకా పాఠం పేరు రాశాను. పిల్లలెవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం గంతులెయ్యాలనిపించింది.

ఆ వారమే అమ్మా నేనూ మళ్లీ అదే బస్టాండులో ఉన్నాం. బస్సొచ్చింది. అలవాటుకొద్దీ తువ్వాలు తీశాను. అమ్మ దాన్ని నా చేతిలోంచి లాక్కుని, మోకాళ్ల నొప్పులన్నీ మరిచి జనాన్ని తోసుకుంటూ తలుపులోంచి ఎక్కేసింది. నేను ఎక్కేసరికి తనకు దొరికిన ఒక్క సీటు మీద తువ్వాలు పరిచేసింది. అమ్మ దాని పక్కన రాడ్డు పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వు కూర్చోవే," అంది. "రాడ్డు పట్టుకుని ఏలాడావంటే మళ్లీ జారుద్ది."