లెన్సుకు మూడో సాక్షి

విమానంలోంచి నేలను ఫోటో తీసే కెమెరాల లెన్సులను పరీక్షించడం ఉప్పల్‌లో మా పని. ఎనభైల చివర్లో నేను ఆ చీకటి గదిలో చేరాను. రోజూ తలుపు మూయగానే "ప్రభువా, ఉన్నది ఉన్నట్టు చూపించు" అని ప్రార్థించుకున్నాకే పనిలో కూర్చునేదాన్ని.

నల్లని గీతలు గుంపులు గుంపులుగా ఉండే పటం ఒకటి ఉండేది. గుంపు గుంపుకూ గీతలు సన్నబడి దగ్గరవుతాయి. లెన్సుతో దాన్ని గాజు పలక మీదికి ఫోటో తీసి మైక్రోస్కోపులో చూస్తాం. ఏ గుంపు దాకా గీతలు విడివిడిగా కనిపిస్తే అంతే ఆ లెన్సు సత్తా. మధ్యలో ఏ లెన్సయినా బాగానే ఉంటుంది. అసలు పరీక్ష మూలల్లో. అక్కడ ఐదో గుంపు విడిగా కనిపించకపోతే ఆ లెన్సు మళ్లీ విమానం ఎక్కదు.

చూసేవాళ్లం ముగ్గురం: మా ఆఫీసరు, నేను, కెమెరా మెకానిక్ అన్న. ముందు ఆఫీసరు చూసేవారు. తర్వాత మేమిద్దరం ఒక్కొక్కరమే లోపలికి వెళ్లి చూసొచ్చి ఆయన చెవిలో చెప్పాలి. ఇద్దరి మాట కలవకపోతే మూడో మాట నిలుస్తుంది. ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే సంగతి స్థిరపడుతుందని చిన్నప్పటి నుంచి సంఘంలో విన్నదాన్ని. ఆ పద్ధతి నాకెంతో నచ్చేది.

"ఏం చెల్లె, మీ చర్చిల గూడ గిట్లనే చెవుల చెప్తరా?" అని అన్న ఆటపట్టించేవాడు.

"లేదన్నా, లేచి నిలబడి అందరికీ వినపడేలా చెబుతాం."

"గదే నయం. నాకు గుసగుసలు రావు."

అన్న సొంతూరు ఉప్పల్ పక్కనే ఉన్న నాచారం. ఒక ఏడు వానలు వెనకబట్టాక ఒక పాత లెన్సు పరీక్షకు వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అన్న చూసిన మొదటి ఫోటో ఆ లెన్సు తీసిందే. అందులో ఓ మూలన వాళ్ల నాయన పొలం, బావి గట్టుతో సహా కనిపించిందట. తర్వాత ఆ పొలంలో ఫ్యాక్టరీ గోదాము లేచింది. ఈసారి చలికాలం విమానం మా వైపే తిరగాలి. మరుసటేడు అన్న రిటైరవుతాడు.

"ఒక్కసారి దీంతోనే మా నాచారం దియ్యాలె చెల్లె. అటెన్క పక్కకు వెట్టినా ఫికర్ లేదు."

మూల చూస్తే నాకు నాలుగో గుంపు దాకానే విడిగా ఉంది. మనసు ఒప్పకపోయినా నాలుగే చెప్పాను. "నాకు ఐదు కనిపించిందే," అన్నారు ఆఫీసరు, అన్నకు వినపడకుండా. ఇక అన్న మాటే మిగిలింది.

అన్న లోపల చాలాసేపు ఉన్నాడు. నేను గోడవైపు తిరిగి కళ్లు మూసుకున్నాను. ప్రభువును ఏమని అడగాలో తోచలేదు.

కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చి, చెవిలో కాదు, గట్టిగానే అన్నాడు: "నాలుగే సార్. అయిదోది కలిసిపోయింది."

ఆఫీసరుకు జాలేసింది. "తొందరేం లేదు, ఇంకోసారి చూడు."

"మళ్ల జూస్తే కనబడ్తది సార్. కనబడాలని ఉన్నది గద. మొదలు జూసిందే సూపు."

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ లేచి, పేరు చెప్పకుండా ఆ మాటే చెప్పాను. దేవుని భయమంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశానన్నాను.

సోమవారం లెన్సును స్టోరులో పెట్టేయాలి. అంతకు ముందు అన్న దాన్ని మేడ మీదికి తెచ్చి, నన్ను వెనక గరుకు గాజు పట్టుకోమన్నాడు. గాజు మీద నాచారం తలకిందులుగా పడింది. పొగగొట్టాల పొగ కిందికి జారుతోంది.

"మీ పొలం ఏదన్నా?"

మూలన మసకగా ఉన్న రేకుల కప్పు చూపించాడు. తర్వాత లెన్సును మెల్లగా పక్కకు తిప్పాడు, గాజుతో నేనూ తిరిగాను. గోదాము మూల నుంచి జరిగి జరిగి గాజు నడిమికి వచ్చింది. రేకుల మీది గాడులు కూడా దేనికది విడిగా కనిపించాయి.

"మధ్యల వెట్టుకుంటే అయిపాయె గద చెల్లె," అన్నాడు.

చేతులు లాగుతున్నా గాజు దించలేదు నేను.