అక్క పాటలో నేను కోసేసిన ఖాళీలు

తాండూరులో మా పడకగదికి నేను పెట్టుకున్న పేరు స్టూడియో. మా అమ్మ పెట్టిన పేరు దుప్పట్ల గోదాం. అమ్మదే సరైన పేరు. కింద బండలే, గోడలకు సగం ఎత్తు దాకా బండలే. ఒకసారి దగ్గితే నలుగురు దగ్గినట్టు వినిపించేది. అందుకని ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ మేకులకు వేలాడదీశాను. ఆ చలికాలం ఇంటిల్లిపాదీ నా కళ కోసం వణికారు.

తొమ్మిదిలోనే బడికి దండం పెట్టినవాణ్ని కదా, మిక్సింగ్ వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఆ వీడియోలు చేసేవాళ్లలో ఒక మహానుభావుడున్నాడు. ఆయన చేసిన పాట ఒక్కటీ ఎవరూ విన్నట్టు లేదు గానీ, పాఠం మాత్రం రోజుకొకటి చెప్తాడు. పాటలో ఖాళీ కనిపిస్తే వినేవాడు పారిపోతాడన్నది ఆయన ఉపదేశం. బడిలో ఏ పంతులు మాటా విననివాణ్ని, ఈయన మాట మాత్రం విన్నాను.

మా అక్కను వికారాబాద్‌లో ఇచ్చారు. వాళ్ల కాలనీలో బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమే. ఆ ఏడు గొంతుకు ఆపరేషన్ అయింది. గట్టిగా నాలుగు మాటలంటే బొంగురుపోయేది. ఎత్తుకునే చోటు ఇంకొకరికి పోతుందని ఆమె దిగులు.

"జర మెల్లగ పాడుత తమ్మీ. నువ్వు రికార్డు చేసియ్యి, స్పీకర్ల పెట్టుకుంట," అంటూ వచ్చి దుప్పట్ల మధ్య కూర్చుంది.

ఒక వరుస పాడి ఆగేది. తొడ మీద వేళ్లతో తాళం వేసుకుంటూ కాసేపు ఊరికే ఉండేది. మళ్లీ ఇంకో వరుస.

"మర్చిపోతున్నవా అక్కా?"

"లేదురా. వాళ్లు అనాలె గద."

"ఎవరు? గీడ నువ్వు, నేను, దుప్పట్లు."

నవ్వి, మళ్లీ తొడ మీద తాళం వేసుకుంది. ఆమె బస్సెక్కగానే ఆ ఆగిన చోట్లన్నీ కోసిపారేశాను. ఎనిమిది నిమిషాల పాట నాలుగుకు దిగింది. కింద కంప్యూటర్ డప్పు పరిచాను. కంప్యూటర్లో చోటు లేదని అసలు రికార్డింగు చెరిపేసి, నా భుజం నేనే తట్టుకున్నాను.

బతుకమ్మ మొదటి రోజు సాయంత్రం నేనూ వికారాబాద్ వెళ్లాను, పొగడ్తలు స్వయంగా అందుకోవడానికి. స్పీకర్లో అక్క ఒక వరుస పాడింది. చుట్టూ ఆడవాళ్లు "ఉయ్యాలో" అనబోయారు. ఆ మాట నోట్లో ఉండగానే రెండో వరుస వచ్చింది, దాని మీద మూడోది. చప్పట్లు ఎక్కడ కొట్టాలో తెలియక చేతులు గాల్లో ఆగిపోయాయి.

"ఏంది ఒదినె గీ పాట, ఎక్స్‌ప్రెస్ బస్సు లెక్క పోతున్నది? మేమెక్కడ ఎక్కాలె?" అంది పక్కింటావిడ. అని, తాను ఎత్తుకోవడానికి గొంతు సవరించుకుంది.

అక్క నా వైపు ఒక చూపు చూసి, పాట వస్తున్న ఫోను చేతిలోకి తీసుకుంది. ఒక వరుస కాగానే బొటనవేలితో ఆపింది. ఆడవాళ్లు "ఉయ్యాలో" అన్నారు. మళ్లీ నొక్కింది. పాట కదిలింది, వలయం కదిలింది. వరుస వరుసకూ నా డప్పు, గొంతు నొక్కినట్టు ఠక్కున ఆగేది. చివరిదాకా అట్లాగే నొక్కుతూ తిరిగింది అక్క.

"నీ స్టూడియో కంటె నా బొటనేలు నయంరా," అంది పళ్లెం సర్దుకుంటూ.

రాత్రికి రాత్రే తాండూరు వచ్చిపడ్డాను, మర్నాడు సాయంత్రంలోగా ఖాళీలు తిరిగి పెట్టాలి. ఎంతెంత పెట్టాలి? మహానుభావుడు ఆ పాఠం చెప్పలేదు. గత్యంతరం లేక ఆడవాళ్ల వంతు నేనే పాడి, చప్పట్లు కొట్టి కొలుచుకున్నాను. బయట ఎవరో అడుగుతున్నారు: "లోపల ఎవరు, బతుకమ్మ ఆడుతుండ్రు?"

"మావోడే," అంది అమ్మ. "పూలు లేవు గాని దుప్పట్లున్నయి."

కొత్త పాట సాయంత్రానికి అక్క ఫోనుకు పంపాను. ఆట అయ్యాక రాత్రి ఆమె ఫోను చేసింది.

"ఇయ్యాల నేను గూడ రెండు చేతులతోటి చప్పట్లు కొట్టిన తమ్మీ. గా డప్పు మాత్రం తీసెయ్యి. ఎవరో తలుపు కొడుతున్నట్టున్నది."